మూరన్నర

మూడువందల పన్నెండు పడకలు.
క్లయింటు పంపిన కాగితంలో మొదటి వరుసే అది,
కింద గీత కూడా గీశారు, రెండుసార్లు.

కుమాసీలో యూనివర్సిటీ వెనక గేటు దాటితే అయెదువాసే.
జిరాక్సు కొట్లు, నీళ్ల ప్యాకెట్లు,
బొబ్బర్లూ బియ్యమూ కలిపి వాచే ఉడికించే హాజియా పొయ్యి,
సగం లేచి ఆగిపోయిన గోడల మీద తుప్పు చువ్వలు.
ఆ ఎర్రమట్టిలో నాలుగంతస్తుల హాస్టల్ గీయాలి నేను.

గది కొలతలు నాకు తెలుసు.
పుస్తకంలో చదివి కాదు, వీపుతో.

రెండేళ్లు ఈ ఊళ్లోనే వాలాను.
ఇక్కడ ఆ మాటే వాడతారు.
సీటు రానివాళ్లు, అద్దె కట్టలేనివాళ్లు
ఇంకొకరి గదిలో నేల మీద పడుకుంటే
వాలారంటారు, పిట్టల్ని అన్నట్టు.
వార్డెన్ చెప్పుల చప్పుడుకి ఎగిరిపోవాలి కూడా.

జీఫా మంచానికీ బీరువాకీ మధ్య
మూరన్నర సందు.
ఎడమ పక్కకి తిరిగితే మోకాలికి మంచం కోడు.
హర్మటాన్ గాలి వీచే నెలల్లో
తలుపు కిందినుంచి దూరిన దుమ్ము
ముందు నా నోటికే అందేది.
రాత్రిపూట మంచినీళ్లకి లేస్తే జీఫా
చీకట్లో కాలి బొటనవేలితో నన్ను తడిమి, దాటేది.
ఒక్కసారి కూడా తొక్కలేదు.
స్ట్రక్చర్స్ పరీక్షలో మాత్రం తనకన్నా నాకే ఎక్కువొచ్చాయి,
ఇప్పటికీ ఫోన్లో ఎత్తిపొడుస్తుంది.

కాబట్టి నా ప్లానులో
మంచానికీ బీరువాకీ మధ్య డెబ్బై సెంటీమీటర్లు.
అజ్యెనిమ్ గారు స్కేలు పెట్టి చూశారు.
"ఇంతెందుకమ్మా అఫ్రియే, నలభై చాలదూ?"
తడిగుడ్డ కర్ర తిరగాలి కదండీ, అన్నాను.
ఆ అబద్ధం గీతలో ఇమిడిపోయింది,
గదికొకటి చొప్పున నూట నాలుగు సార్లు.

మేస్త్రీ యాకుబు ప్లాస్టరింగ్
అటు రెండు, ఇటు రెండు సెంటీమీటర్లు మందంగా లాగేశాడు.
టేపు పట్టుకుని గది గదికీ తిరిగి
పదకొండు గోడలు చెక్కించాను.
"నాలుగు సెంటీమీటర్లకి ఇంత రభసా మేడమ్?"
నాలుగు సెంటీమీటర్లంటే ఒక భుజం.
చెప్పలేదు.

జనవరిలో తెరిచారు. రిబ్బను, మైకు, మాల్టు సీసాలు.
వారం తిరక్కుండా
రెండువందల పద్నాలుగో గదిలో బీరువా వెనక
చుట్టి నిలబెట్టిన చాప ఒకటి కనబడింది.
ఎవరిదని అడగలేదు.
మెట్లు దిగుతూ ఈల వేశాననుకుంటా.

మరుసటేడు ఫీజుల బోర్డు మారింది.
నాలుగువందల పదహారు పడకలు.
నా సందులో ఇనప మడతమంచం
కొలిచి పోతపోసినట్టు పట్టింది.
అజ్యెనిమ్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు,
"ముందే చోటు ఉంచావు, నీది దూరాలోచనమ్మా!"
ఒక కవరు కూడా ఇచ్చారు.
తీసుకోలేదని రాస్తే బాగుండేది.
తీసుకున్నాను.

ఆ చాప ఏమైందని వాచ్‌మన్ అల్హసన్ని అడిగాను.
"ఏ చాప?" అన్నాడు,
డాబా మీది నీళ్ల ట్యాంకులవైపు
చూడకుండా ఉండటానికి తెగ కష్టపడుతూ.

ఇప్పుడు రెండో హాస్టల్, రోడ్డుకి అవతల.
రాత్రి పదకొండయింది. కరెంటు రెండుసార్లు పోయొచ్చింది.
మనిషి పట్టాలి, మంచం పట్టకూడదు,
అలాంటి సందు కావాలి నాకు.

మంచం మొండిది.
నాలుగు మూలలూ మట్టసంగా ఉంటే తప్ప కూర్చోదు.
మనిషి అలా కాదు, ముడుచుకుంటుంది,
గోడ ఎటు వంకరపోతే అటు సర్దుకుంటుంది.
అందుకని గోడని వంచుతున్నాను,
తలవైపు మూరన్నర,
కాళ్లవైపుకి వచ్చేసరికి జానెడు.
పడమటెండ తప్పించడానికండి, అంటాను ఈసారి.

జీఫాకి ఫొటో తీసి పంపాను.
"మరి కాళ్లెక్కడ పెట్టుకోవాలే?" అని రాసింది.

చెరిపి, మళ్లీ గీస్తున్నాను.