జిగురు

జనవరి మూడున వైడోటస్ రొట్టె మానేశాడు.
బంగాళాదుంపల సంచినీ, బార్లీ డబ్బానీ,
వాళ్ల పిన్ని పంపిన తేనెసీసానీ
అటకెక్కించాడు.
బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పడ్డాయి.
రెండూ నేనే పొడిచాను, మేకుతో, సంబరంగా.

ఫిబ్రవరిలో కౌనస్ ఊరంతా ముక్కు చీదుకుంటుంటే
ఇతని ముక్కు మాత్రం సున్నం కొట్టిన గోడ.
నాలుక అంగిలికి అంటుకుపోయేది.
రాత్రి మూడింటికి లేచి గ్లాసుడు నీళ్లు తాగి,
మళ్లీ లేచి, మళ్లీ తాగి,
"జారిపోతున్నాయి యూరాతె, నిలవట్లేదు" అనేవాడు.

నాటకశాలలో రెండో ఓబో అతనిది.
ఓబో అంటే రెండు రెల్లు చీలికలు
ఒకదాన్నొకటి తాకీ తాకకుండా వణకడం.
వాయించే ముందు వాటిని నోట్లో నానబెట్టాలి,
పసివాడు చొక్కా కాలరు నానబెట్టినట్టు.
ఇరవై రెండేళ్లలో ఆ సంగతి తలచుకున్న పాపాన పోలేదు.
ఇప్పుడు జేబులో చిన్న డబ్బా, డబ్బాలో నీళ్లు.
నీళ్లలో ముంచిన రీడు
సరిగ్గా అతని వంతు వచ్చేసరికి
నీళ్లు నమిలింది.
కండక్టరు ఏమీ అనలేదు. చూశాడు, అంతే.

కళ్ల డాక్టరమ్మ కింది రెప్పకి
సన్నటి కాగితం ముక్క తగిలించింది.
ఐదు నిమిషాలు.
నాలుగు మిల్లీమీటర్లు తడిసింది.
"పెళ్లినాడు ఇంతకంటే ఎక్కువే ఏడ్చాడు" అన్నాను.
ఆమె నవ్వలేదు.
ఒంట్లో జిగురంతా చక్కెర పోగులతో నేసిందే,
తిండిలో పిండి తగ్గితే జిగురూ తగ్గుతుందని కొందరంటారు,
ఒళ్లే ఎలాగో సర్దుకుంటుందని ఇంకొందరు.
"నాకు తెలియదు" అంది.
డాక్టరు నోట ఆ మాట వింటే
ఎందుకో ధైర్యం వచ్చింది.

మెట్ల మీద పక్కింటి ఉగ్నె, నాలుగేళ్లది.
పెదవి మీదికి రెండు కాలువలు,
చేతిలో తేనె రాసిన నల్లరొట్టె.
ఒక ఎగపీల్పు, ఒక కొరుకు.
వైడోటస్ ఆగిపోయి ఆ పిల్ల ముక్కుకేసి చూశాడు,
దావా ఓడినవాడు
ఎదుటివాడి పొలాన్ని చూసినట్టు.

ఎవరం మెచ్చుకున్నాం గనక దీన్ని?
చీమిడి అన్నాం, తెమడ అన్నాం, గళ్ల అన్నాం.
అన్నీ ఉమ్మేసే మాటలే.
మింగే ప్రతి ముద్ద కిందా చాప పరిచేది అదేనని,
పొట్ట తన మంటకి తానే కాలిపోకుండా
అడ్డంగా పడుకునేది అదేనని
ఒక్కరమైనా చెప్పుకోలేదు.

ఆ రాత్రి ఒక దుంప ఉడికించాను, తొక్కతో.
చాలాసేపు చూసి, ఉప్పద్దుకుని తిన్నాడు.
మర్నాడు రెండు.
వారం పోయాక రొట్టె అంచు.

మార్చి చివర, నెమునాస్ మీద మంచు
పెళపెళా విరిగిన రోజు,
రిహార్సల్ మధ్యలో తుమ్మాడట.
తడి తుమ్ము.
వయొలిన్ల వరస వరసంతా వెనక్కి తిరిగిందట.
దుంప వల్లనో, గాలిలో తేమ వల్లనో,
ఊరికే రోజులు గడిచినందువల్లనో.
బెల్టు ఒక చిల్లు వెనక్కి వచ్చింది.
చివరిది ఖాళీగానే ఉంది, నేను పొడిచినదే.

ఉతకబోతూ జేబులు తడిమితే రుమాలు దొరికింది,
గంజి పెట్టినట్టు బిరుసెక్కి.
నీళ్లలో వేసి చూస్తూ నిలబడ్డాను.
మెత్తబడడానికి
చాలాసేపే తీసుకుంది.