ఎనిమిదో గ్లాసు

పుదుచ్చేరిలో ఆగస్టు.
తాళపత్రాలకు ఉప్పుగాలి పడదని
సముద్రం వైపు కిటికీలు బిగించేశారు.
ఏడుగురు విద్యార్థులం, ఒక్క ఫ్యాను,
గోడమీద ఫ్రెంచివాళ్ల నాటి గడియారం.
ఎప్పుడు చూసినా నాలుగుంబావు.

తిల్లైనాయగం అయ్య
పద్యం చదువుతున్నంతసేపూ పొడుం డబ్బా ముట్టడు.
అయ్యాక మూత తీస్తాడు,
పీల్చకుండానే మళ్లీ మూస్తాడు.

మొదటివారం నాలిక తిప్పడంతోనే సరిపోయింది.
కోడి అనడానికి వాళ్లు నాలికను వెనక్కి మడిచి
గాలిలో వదిలేసే చోట
నాది అంగిలి దాకా పోయి
పాత అలవాటున 'డ' మీద చతికిలబడేది.
"మీకూ ఉండేదయ్యా ఈ అక్షరం,
మీ శాసనాల్లో ఉంది, పోయి చూసుకో.
ఎక్కడ పారేసుకున్నారో!"
అప్పిచ్చిన మనిషిలా అడిగాడు.
రాత్రి అద్దం ముందు నిలబడి
ఏడు, ఏడు, ఏడు అని
నన్ను నేనే ఏడిపించుకున్నాను.
క్రాకూవ్ నుంచి వచ్చిన బొగుమీవాకి
ఴ మూడోరోజే పట్టుబడింది.

మూడోవారం ఐదు పాదాల పద్యం.
ఉప్పు బండి వెళ్లిన దారి, చెరిగిన గాడి,
దాన్ని చూస్తూ ఒకమ్మాయి.
మాట్లాడేది ఆమె కాదు, చెలికత్తె.
చెప్పేది ఆమెకి కాదు,
గోడ అవతల విననట్టు నిలబడ్డవాడికి.
ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడరు.
మా ఇల్లు గుర్తొచ్చింది.

మూడో పాదం చివర 'అరో'.
రెండక్షరాలు.
అర్థం లేదని వ్యాఖ్యాత ఒక్క ముక్కలో తేల్చేశాడు:
అసై. పాదం నిండడానికి.
మనం పాదపూరణం అంటాం,
కాస్త పెదవి విరిచి.

కజుమోరి అది నిట్టూర్పన్నాడు.
బొగుమీవా అట్టముక్కలన్నీ బల్లమీద పరిచి
ఎన్నిసార్లు ఎక్కడ వచ్చిందో లెక్కపెట్టింది.
నేను మన 'అరె'కి చుట్టమేమోనన్నాను,
అయ్య చూసిన చూపుకి మళ్లీ నోరెత్తలేదు.
మట్టక్కళప్పు పుష్పరాణి ఏమీ అనలేదు.
రెండురోజులు.
"లేదంటే లేదు. తవ్వకండి.
లేనిదాన్ని లేనట్టే చదవడమూ చదువే."

సాయంత్రం అంజలై వస్తుంది,
గడియారాన్ని రోజుకొక్కసారి నిజం చేస్తూ.
చేతిలో తీగల బుట్ట,
ఎనిమిది గళ్లు.
ఏడింటిలో టీ.
(అయ్య బయట ఏదీ ముట్టడు.)
ఎనిమిదో గ్లాసునిండా మంచినీళ్లు.
ఎవరికీ ఇవ్వదు.
ఎలా తెచ్చిందో అలాగే తీసుకుపోతుంది.

నేను కథ అల్లుకున్నాను.
ఎవరో రావలసినవాళ్లు.
వచ్చి, చదివి, మళ్లీ రానివాళ్లు.
పుష్పరాణి ఆ గ్లాసుకేసి చూడడం
ఒకటి రెండుసార్లు చూశాను.
ఆమెకో అన్న ఉండేవాడని
ఎవరో చెప్పారు. 'ఉండేవాడని' అనే చెప్పారు.

ఆఖరివారం మెట్లమీద ఆపి అడిగేశాను,
నా పుస్తకాల తమిళంలో,
రెండువేల ఏళ్ల కిందటి క్రియాపదంతో.
అంజలై నవ్వాపుకుంది.
"ఖాళీ గడి ఉంటే బుట్ట ఒరుగుతుంది తంబీ.
పక్క గ్లాసులు కొట్టుకుంటాయి, టీ తొణుకుతుంది.
ముప్పైరెండు మెట్లు.
నీళ్లు పోస్తే బరువు."
అంతే. దిగిపోయింది.

మర్నాడు అయ్యకి చెప్పాను.
వింటూ డబ్బా మూత తీశాడు,
ఈసారి పీల్చాడు.
వరసగా మూడు తుమ్ములు.
కళ్లు తుడుచుకుని
"నాలుగో పాదం" అన్నాడు.

ఆ సాయంత్రం బుట్ట వెనక్కి వెళ్లేటప్పుడు
ఎనిమిదో గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయి.
ఎవరు తాగారని ఎవరూ అడగలేదు.
బొగుమీవా అట్టముక్కలు సర్దుతోంది.
పుష్పరాణి కిటికీ గడియ తీసి
మళ్లీ వేసింది.

అంజలై దిగుతుంటే
మెట్లమీద గాజుకి గాజు తగిలిన చప్పుడు,
చిన్నగా,
వీధి తలుపు దాకా.