ముందుకే

పుదుప్పేట. మిట్టమధ్యాహ్నం.
పద్దెనిమిదేళ్ల కారులో
మోకాళ్లు స్టీరింగుకి ఆనించుకుని నేను.
సీటు ముందుకైతే జరుగుతుంది,
వెనక్కి రమ్మంటే రాదు.

ఫ్యూజు బాగానే ఉంది. రిలే టిక్కుమంది.
"స్విచ్చు వద్దు సార్, దీపం చూడు" అన్నాడు కన్నియప్పన్
వచ్చీరాని తెలుగులో.
నొక్కాను.
నెత్తిమీది బల్బు రవంత మసకబారింది.

"మోటారు బతికే ఉంది. ఏదో అడ్డం."

మూడు బోల్టులు ఊడొచ్చాయి.
నాలుగోదానికి నూనె, ఓర్పు, ఒక తమిళ తిట్టు.
సీటెత్తితే
పార్కింగు చీటీలు, వేరుశనగ పొట్టు,
పట్టాలో ఇరుక్కుని
ఒక తెల్ల బంటు.

ఏడు బంట్లతోనే
ఏ పిల్ల ఎన్ని ఆటలు నెగ్గిందో.

కన్నియప్పన్ దాన్ని చొక్కాకి తుడిచి
డాష్‌బోర్డు మీద నిలబెట్టాడు.
సీటు వెనక్కొచ్చింది.
కాళ్లు చాపుకున్నాను.

బంటు మటుకు
రోడ్డుకేసే చూస్తోంది.