అరగంటకోసారి

మార్చిలోనే మొదలెట్టాం, వీరవేణీ నేనూ.
అంగన్‌వాడీ రేకుల మీద కొబ్బరాకు పరిచి
గాలికి లేవకుండా పాత వల కప్పాం.
వల ఇచ్చిన సింహాద్రి డబ్బులడగలేదు,
మనవరాలికి కిటికీ పక్కన చోటడిగాడు.

జారుడుబల్ల ఇనపది.
రోజూ తొమ్మిదింటికి దానికి అరచెయ్యి ఆనించి
పది లెక్కపెడతాను.
ఆరు దగ్గరే చెయ్యి తీసేస్తే
ఆ పూటకి దానిమీద తడిగోనె.

కాలవ కట్టేశారు.
రెండు కుండలు అయిదయ్యాయి.
మజ్జిగలో ఉప్పెంతో వీరవేణి వేళ్ళకి తెలుసు.
పిల్లల ఉచ్చ రంగు చూసేదీ ఆవిడే:
"ముదురు పసుపండీ, బుల్లబ్బాయికి ఇంకో గ్లాసు!"
వీధి వీధంతా వింటుంది.

ఏర్పాట్ల ఫొటోలు పెట్టమని ఆఫీసు నుంచి ఫోను.
కుండలు తీశాను, కప్పు తీశాను.
ఒకటి మాత్రం ఫొటోకి రాదు.

పోయినేడు రోహిణిలో
కెజియా గోడవార పడుకుంది.
ఏడవలేదు, మారాం చెయ్యలేదు.
బుద్ధిగా నిద్రపోయిందనుకున్నాం ఇద్దరం.
చెమట పట్టని ఆ నుదురు
ఇంకా నా చేతికి తగులుతూనే ఉంది.
అమలాపురం దాకా ఆటోలో
తడిపిన నా పైటలోనే ఉందా పిల్ల.
బతికింది. ఈ జూన్‌లో ఒకటో తరగతి.

అందుకే ఇప్పుడు
ఏడ్చేవాళ్ళ దగ్గరికి నింపాదిగా వెళతాం.
నిద్రపోయేవాళ్ళనే
అరగంటకోసారి లేపుతాం.
కళ్ళు తెరవకుండానే రెండు గుక్కలు మింగి
విసుగ్గా నా చెయ్యి తోసేస్తారు.

ఆ తోపులో బలమెంతుందో చూసుకుని
పక్క చాప మీదకి జరుగుతాను.