‘అండి’కి పన్నెండు మీటర్లు

మొగల్తూరు దాటి ఉప్పుటేరు వైపు పోతే
ఒకప్పుడు పదకొండు రొయ్యల చెరువులు.
వైట్‌స్పాట్ వచ్చి మూడు పంటలు వరసగా పోయాక
గనిరాజు గారు వాటిని బొండు ఇసకతో పూడ్పించి
పైన తారు పరిచారు:
రెండు కిలోమీటర్ల మూడొందలు, తొమ్మిది మలుపులు.
అడుగున నల్లమట్టి మాత్రం
తనింకా చెరువునే అనుకుంటుంది.
వానలు పడితే ఐదో మలుపు బెత్తెడు కుంగుతుంది,
గోతిలో నిలిచిన నీళ్లకి కొంగలొస్తాయి.
వాటిని తోలాకే పాఠం మొదలు.

ఎడమ సీటు నాది.
స్టీరింగు లేని సీటు. కాలికింద ఒక బ్రేకు,
నోట్లో నాలుగు మాటలు:
చూడు. ఆపు. తిప్పు. వదులు.
ఇరవై ఏళ్ల ర్యాలీలు పోగా మిగిలినవి
అవీ, అరిగిన మెడ ఎముకా.

మన వైపు మనిషికి మర్యాద నాలిక చివరే ఉంటుంది.
మొదటి నెలంతా
"బ్రేకండీ! బ్రేకండీ!" అని అరిచేవాణ్ణి.
ఓ రాత్రి నిద్రపట్టక లెక్క కట్టాను.
గంటకి నూటనలభైలో
‘అండి’ అనడానికి పన్నెండు మీటర్లు ఖర్చు.
పన్నెండు మీటర్లంటే తారు అయిపోయి గడ్డి,
గడ్డి అయిపోయి టైర్ల గోడ.
మర్నాటి నుంచి హేచరీ ఓనర్లనీ, పళ్ల డాక్టర్నీ,
మా పెదనాన్న వయసు రైసుమిల్లు ఆయన్నీ
"ఆపు!" అన్నాను.
సాయంత్రం టీ దగ్గర
దాచిన అండీలన్నీ వడ్డీతో తిరిగిచ్చేవాణ్ణి.

పోయిన శనివారం సువార్త గారొచ్చారు.
నరసాపురం అంబులెన్సు, పద్నాలుగేళ్ల సర్వీసు.
ఆస్పత్రి వాళ్లే ఫీజు కట్టి పంపారు.
హెల్మెట్ పట్టదని కొప్పు విప్పి జడేసుకున్నారు,
చెప్పులు బయట విప్పి కారెక్కారు.

మూడో మలుపు దగ్గర ప్రతిసారీ
ముందే లోపలికి కోసేసి
చివరికొచ్చేసరికి బయటి అంచుకే జారిపోతున్నారు.
"ఎక్కడ చూస్తే బండి అక్కడికే పోద్ది. మలుపు చివర చూడు."
"చూస్తన్నానండి."
"అంచు చూస్తున్నావు."
పక్కకి తీసి ఆపారు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.
"బయటేపు కాలవ లేని మలుపు
నా జన్మలో తిప్పలేదండి."

నాకు మాట రాలేదు.
గట్టు రోడ్లు గుర్తొచ్చాయి,
దమ్ము ట్రాక్టర్లు వదిలిన బురద, మంచులో పసుపు లైట్లు,
గుర్రపుడెక్క పచ్చగా కప్పేసి
లోతు చెప్పని నీళ్లు.
ఏటా ఒక కారు.
లాకుల దగ్గర జనం, తాళ్లు, ఎవరిదో ఒక చెప్పు.

మధ్యాహ్నం బోర్డు మీద బాణాలు గీశాను.
బ్రేకేస్తే బరువు ముందు చక్రాల మీదికి,
తిప్పితే బయటి చక్రాల మీదికి...
వెనక బెంచీలోంచి ఆవిడ గొంతు:
"మాకది సెలైన్ సీసా చెప్తదండి.
వంగితే పర్లేదు. ఊగిందంటే మాత్రం
వెనక పడుకున్నోళ్ల ఇరిగిన ఎముక కదిలినట్టే."
ముప్పై పేజీల నా పాఠం
అర లీటరు సీసాలో పట్టేసింది.
సుద్దముక్క జేబులో పెట్టుకున్నాను.

ఎండ తగ్గాక, నా వైపు పిడికి పురికొస కట్టి
సగం నీళ్లతో ఒక సీసా వేలాడదీశాం.
రెండు రౌండ్లు.
సీసా వంగింది, నిలిచింది, తిరిగొచ్చింది.
ఐదో మలుపు గోతిలో కూడా ఊగలేదు.
మూడోదాంట్లో బండి కంటే ముందు ఆవిడ తల తిరిగింది.
కాలవ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉండుంటుంది.
ఆవిడ దాన్ని పిలవలేదు.

టైము? ఆ రోజు బ్యాచిలో నాలుగోది.
మొదటి టైము కొట్టిన భీమవరం కుర్రాడి బండిలో
ఆ సీసా కట్టుంటే నా ప్యాంటు తడిసేది.

ఆఖరి మలుపుకి ముందు పొడుగు రోడ్డు. నూటనలభై.
నా పాదం నా బ్రేకు మీద లేదని
అప్పుడు గమనించాను.
"ఇక ఆపండి," అన్నాను,
తీరిగ్గా, పన్నెండు మీటర్లూ ఖర్చుపెట్టి.
అప్పటికే ఆపుతున్నారు.