భాకరాపేట ఘాట్‌లో కాంటెస్సా

"వెనక చక్రాలు తోసే బండన్నా ఇది,
చలికాలం నమ్మబాక" అంటూనే
దస్తగిరి
డిక్కీలో రెండు ఇసక మూటలు పడేశాడు.

ఏ లారీ ఒలకబోసిందో
మదనపల్లె టమోటా,
మూడో మలుపు నిండా ఎర్రటి గుజ్జు.
పైన మంచు, సన్న తుంపర.

ముక్కు కొండవైపే ఉంది.
తోక మాత్రం
లోయను చూసొస్తానని బయల్దేరింది.

కాలు బ్రేకు కోసం కొట్టుకుంటోంది.
జారేవైపుకే తిప్పాలంట,
పడబోయేవాడి చెయ్యి పట్టుకుని
వాడితో రెండడుగులు పోయినట్టు.
తిప్పాను.
ఇసక బరువుగా కూర్చుంది.
టైర్లకు తారు దొరికింది.

వెనక సీట్లో మా బామ్మర్ది చెంగల్రాయుడు
దుప్పట్లోంచి తల తీసి,
"పీలేరొచ్చేసిందా?"

"ఇంకా లేదు" అన్నాను.
వైపర్‌కి అతుక్కున్న టమోటా తొక్క
అటూ ఇటూ ఊగుతోంది.