ఏ మైనరు బిడ్డా?

ఫారం మీద ఆఖరి గడి ఖాళీగ ఉంది.
మేజర్: సివిల్ ఇంజనీరింగ్.
మైనర్: ఏమీ రాయలే.
ఫర్హీన్ ఎప్పుడో నింపేసి
సమోసా నూనె వేళ్లను కాగితం వెనక తుడుచుకుంటుంది.
"బిజినెస్ రాయవే. శనివారాలు పోతయ్, అంతే."

బాపుకు ఫోన్ చేసిన.
కాలువ కట్ట మీద ముందు గాలి మాట్లాడింది,
తర్వాత బాపు.
"మైనర్ తీసుకుంటున్న బాపూ."
"ఏ మైనరు బిడ్డా?
ఫోర్ ఆరా, సిక్స్ ఎల్లా?"

ఇరవై మూడేండ్ల సంది లష్కర్ పని చేస్తున్న మనిషికి
మైనరంటే ఇంకేముంటది.
పెద్ద కాలువ నుంచి డిస్ట్రిబ్యూటరీ,
దాన్నుంచి మైనరు,
మైనరుకు తూము,
తూము కింద సారయ్య మడి,
ఆ మడి దాటినంక నీళ్లుండయ్, తిట్లుంటయ్.

నవ్వాపుకొని చెప్పిన:
చదువులది బాపూ, వ్యాపారం పాఠాలు.
ఆరు సబ్జెక్టులు. ఫీజు వేరే.
కొంచెంసేపు నీళ్ల చప్పుడే.
"గండి కొట్టి తీస్కునుడా, మంజూరైందా?"
మంజూరైంది.
"అయితే తీస్కో. గని
పెద్ద కాల్వల మట్టం తగ్గకుండ చూస్కో."

మొదటి శనివారం, హన్మకొండల వాన.
వేణుమాధవ్ సార్ బోర్డు మీద రెండు గీతలు
ఒకదాని మీద ఒకటి ఏటవాలుగ గీసిండు.
ఒకటి గిరాకీ, ఒకటి సరఫరా.
అవి కలిసిన కాడ చుక్క పెట్టి
"ఇక్కడ అందరూ సంతోషంగ ఉంటరు" అన్నడు.

ఆ చుక్కల నాకు మా ఆఖరి తూము కనబడ్డది.
మార్చి నెల, రాత్రి రెండు గంటలు,
వారబందీ తిరిగే రోజు.
బాపు చేతుల గేటు హ్యాండిల్,
నా చేతుల టార్చి,
ఎదురుంగ పార పట్టుకొని సమ్మక్క చిన్నమ్మ:
"ఓదెలన్నా, మూడొద్దులాయె, పొలం నెర్రెలు వాసింది."
పైన మోటర్లు పెట్టి గుంజుకునేటోళ్లు
ఆ యేడు మా ఇంటికి బియ్యం సంచి పంపిండ్రు.
చిన్నమ్మ పంపలే. ఆమె ఇంట్లనే లెవ్వు.
బాపు ఆ రాత్రి గేటు ఎన్ని చుట్లు తిప్పిండో
నేను లెక్కపెట్టిన.
ఎవ్వరికీ చెప్పలే.

"సార్, అక్కెర ఉండి పైసలు లేనోళ్లు
ఈ గీత మీద ఎక్కడుంటరు?"
సార్ చాక్‌పీసును కాసేపు వేళ్ల మధ్య దొర్లించిండు.
"గీత మీద ఉండరమ్మా.
కొనగలిగితెనే గిరాకీ అంటం.
రాసుకోండి, పరీక్షల వస్తది."
వచ్చింది. రాసిన.
ఐదుకు ఐదు.

తరుగుదల పాఠం నాడు
గేటు హ్యాండిలుకు లెక్క కట్టిన:
పదేండ్ల కిందనే దాని విలువ సున్న.
వర్కింగ్ క్యాపిటల్ నాడు
బాపుకు రావాల్సిన నాలుగు నెలల జీతం
వసూలు కావల్సినవాటి కింద ఒకవైపు,
కిరాణం ఉద్దెర ఇంకోవైపు.
కూడిన. కలవలే.
పెన్ను మార్చి కూడిన.
కలవలే.

సివిల్ల చెప్తరు,
మట్టి కాలువ దారిల తాగే నీళ్లు ఎన్నో.
బిజినెస్‌ల చెప్తరు,
చేతికి రాకముందే కరిగే లాభం ఎంతో.
రెండు నోట్‌బుక్కులు ఒక్క సంచిల తడిసి
సిరా అటుదిటు అంటుకుంది.
ఇప్పుడు ఏ పేజీ దేనిదో నాకు సక్కగ తెలుస్తలేదు.

ప్రాజెక్టుకు ఫర్హీన్ వాళ్ల మామ దర్జీ దుకాణం తీసుకుంది.
నేను నీళ్ల వంతు తీసుకున్న,
ఆఖరి మడికి ముందు,
మొదటి మడికి ఆఖర్న.
గైడు ఎర్ర సిరాతో అడిగిండు:
ఇందులో ఆదాయం ఎవరికి?

రాత్రి బాపు ఫోన్ చేసిండు.
"నీ మైనర్ల నీళ్లొస్తున్నయా?"
"సన్నగ వస్తున్నయ్ బాపూ."
"ఆఖరు దాంక పోతున్నయా?"

గేటు చుట్లు నోటి దాంక వచ్చినయ్.
కట్ట మీద రైతులడిగితే
ఆయన చెప్పే మాటనే
నా నోట్లె నుంచి వచ్చింది:
"నడిచి సూసొచ్చి చెప్త."